గట్టు మీద గడ్డి, డబ్బాలో కళ్లజోడు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే హుజూర్‌నగర్‌లో మా వీధికి తెలిసిన అర్థం ఒక్కటే: ఆన్‌లైన్‌లో వస్తువులు కొనిపెట్టేవాడు. మిక్సీ నుంచి బోరు స్టార్టర్ దాకా ఏది కావాలన్నా ముందు నాకే ఫోన్. ‘నువ్వు ఇంజినీరువి కదా, మంచిది చూసి చెప్పు’ అంటారు. నేను చదివింది కంప్యూటర్ సైన్స్, మిక్సీ సైన్స్ కాదని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.

ఈ మధ్య మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్న ఒకటుంది. “మామా, గడ్డి కోసే మిషన్ ఏది కొనాలి?”

దీనికి నా దగ్గర జవాబుంది. కానీ ఆ జవాబు నాకు తెలిసేసరికి మా బాబాయి ఎడమ కన్ను పోయినంత పనైంది. అందుకే గ్రూపులో ఒక లింకు పడేసి ఊరుకోకుండా ఈ వారం కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

గడ్డి కోయడానికి ఇంత కథా అనుకునే హైదరాబాద్ బ్యాచ్ కోసం ముందు రెండు ముక్కలు. మాది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. 1967లో కాలువలకు నీళ్లొచ్చాయి, అప్పట్నుంచీ మా వైపు వరే రాజు. అయితే నీళ్లున్న చోట వరి ఒక్కటే పెరగదు కదా. గట్ల మీద గరిక, తుంగ. పంట కాలువల్లో జమ్ము, తూటికూర. బీడుపడ్డ మూలల్లో వయ్యారిభామ, సర్కారు తుమ్మ. ఒక ఎకరం అచ్చంగా చదరంగా ఉందనుకుంటే దాని చుట్టుకొలతే 250 మీటర్లు దాటుతుంది. లోపల మడుల గట్లు అదనం. మాకున్న మూడెకరాలకు ఎంత గట్టు అవుతుందో మీరే లెక్కేసుకోండి. గట్టు మీద గడ్డి పెరిగితే ఎలుకలకు ఇల్లు, పురుగుకు హాస్టల్. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లే మనిషికి కాలు ఎక్కడ వేస్తున్నాడో కనపడదు. ఆ గడ్డిలో రక్తపింజర ఉంటే అంతే.

నా చిన్నప్పుడు ఈ సమస్య లేదు. ఎందుకంటే ఇంటింటికీ బర్రెలుండేవి. పొద్దున్నే కొడవళ్లు పట్టుకొని వచ్చి, ‘కోసుకుంటం పటేలా’ అని అడిగి మరీ గట్టు గడ్డి కోసుకుపోయేవాళ్లు. ఇప్పుడు బర్రెలు తగ్గాయి, పాల ప్యాకెట్లు వచ్చాయి. నన్నడిగితే గట్టు మీద గడ్డి సమస్య అసలు గడ్డిది కాదు, బర్రెలది. ఒకప్పుడు ఊరికే అయిపోయిన పనికి ఇప్పుడు కూలీ ఇస్తామన్నా మనిషి దొరకట్లేదు. నాట్ల టైములో అయితే అసలే దొరకరు.

మిగిలిన దారి గడ్డి మందు. మా నాన్న దాన్ని ఇంట్లోకి రానివ్వడు. గాలికి పక్క పొలం మీద పడితే గొడవ, అది ఒక కారణం. రెండో కారణం ఊళ్లలో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. పారాక్వాట్ లాంటి మందు మనిషి లోపలికి వెళ్తే దానికి విరుగుడు లేదు. గ్లైఫోసేట్‌ని కూడా 2022 అక్టోబరులో కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. సరే, మందు వద్దు, మనిషి దొరకడు. అప్పుడు నాన్న నాకు ఫోన్ చేశాడు. “ఆ భుజానికేసుకొని కోసే మిషన్ ఉంటది చూడు, అది ఒకటి చూడరా.”

చూశాను. ఎలా చూశానో చెప్తే నా టీమ్ లీడ్ కూడా మెచ్చుకుంటాడు. ఎక్సెల్ షీటు తెరిచి పద్దెనిమిది మోడళ్లు పెట్టాను. ధర, సీసీ, బరువు, స్టార్ రేటింగ్. తక్కువ ధరకు ఎక్కువ సీసీ ఏదైతే అది పైకొచ్చేలా సార్ట్ కొట్టాను. 52 సీసీ, ఎనిమిది వేల లోపు, ఫ్రీ గిఫ్టుగా మూడు రకాల బ్లేళ్లు. ఆర్డర్ పెట్టి, ఫోన్‌లో నాన్నకు గర్వంగా చెప్పాను కూడా: “నీ పాత బండికి సగం ఇంజిన్ అది!”

అదే నా మొదటి తప్పు. సీసీ అంటే ఫోన్‌లో ర్యామ్ లాంటిది కాదు, ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకోడానికి. దాన్ని మనిషి మోయాలి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడే ఎనిమిది కిలోల పైన ఉన్న మిషన్‌ని అరవై ఏళ్ల మనిషి భుజాన తగిలించుకొని, జారే గట్టు మీద గంటసేపు అటూ ఇటూ ఊపాలి. నా షీటులో ‘నాన్న భుజం’ అనే కాలమ్ లేదు. రెండు వారాల తర్వాత మిషన్ గుడిసెలో మూలకు చేరింది. అడిగితే, “మంచిగనే ఉందిరా, బరువు జర ఎక్కువ” అన్నాడు. మా నాన్న భాషలో దాని అర్థం ‘పనికిరాదు’ అని.

రెండో తప్పు ఇంకా పెద్దది. డబ్బా వచ్చిన రోజు వీడియో కాల్‌లో నేనే దగ్గరుండి బిగింపించాను. హైదరాబాద్‌లో నేను, పొలంలో నాన్న, బాబాయి. డబ్బాలో ఒక పారదర్శకమైన కళ్లజోడు, చెవులకు పెట్టుకునే మూతలు ఉన్నాయి. నాన్న వాటిని ఎత్తి కెమెరాకు చూపించి, “ఇవేందిరా?” అన్నాడు. నాకు పది నిమిషాల్లో మీటింగ్. “అవి తర్వాత చూద్దాంలే, ముందు స్టార్ట్ చెయ్యి” అన్నాను.

అవి డబ్బాలోకి తిరిగి వెళ్లాయి.

పోయిన అక్టోబరు. వరి పొట్ట మీదుంది. నాన్న మూలకేసిన మిషన్‌ని బాబాయి తన పొలానికి పట్టుకెళ్లాడు. ముందురోజు వాన పడి గడ్డి తడిగా ఉంది. తడి గడ్డి గార్డు లోపల చుట్టుకొని మాటిమాటికీ ఇరుక్కుంటుంటే, విసుగొచ్చి స్పానరుతో గార్డు తీసి పక్కన పెట్టాడు. మిషన్‌కు ఉన్నది మూడు రెక్కల ఇనప బ్లేడు, ఆయన కోస్తున్నది బండ్లు దిగబడకుండా కంకర పోసిన దారి పక్క గట్టు. మా వైపు నేల సంగతి తెలిసిందే కదా, మేళ్లచెరువు, మఠంపల్లి చుట్టూ అన్ని సిమెంట్ ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు. సున్నపురాయి. బ్లేడు తగిలి గోరంత రాతి పెచ్చు ఒకటి లేచింది.

ఆ టైములో నేను రిలీజ్ కాల్‌లో ఉన్నాను. ఫోన్ తీసి చూస్తే ఏడు మిస్డ్ కాల్స్.

దెబ్బ తగిలాక జరిగిన పనులు వరసగా చెప్తాను, ఎందుకంటే మనలో నూటికి తొంభై మంది అవే చేస్తాం. బాబాయి కన్ను నలుపుకున్నాడు. పక్క పొలం ఆయన వచ్చి బాటిల్ నీళ్లతో కడిగాడు. ఇంకొకాయన కండువా కొసతో తుడవబోయాడు. ఇంటి దగ్గర ఉన్న ఏవో చుక్కలు వేశారు. అక్కణ్నుంచి ఒక చోటికి, అక్కడ చేతులెత్తేస్తే ఇంకో చోటికి, చివరికి కారు మాట్లాడుకొని హైదరాబాద్. నేను ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి ఉన్నాను. కారు దిగుతూ బాబాయి నన్ను చూసి, “నువ్వెందుకు వచ్చినవ్ రా, ఆఫీసు లేదా?” అన్నాడు.

డాక్టరమ్మ చెప్పింది ఇది. కంట్లో దుమ్ము పడితే నీళ్లతో కడగడం కరెక్టే. కానీ వేగంగా వచ్చిన వస్తువు కంటిని చీల్చిందని అనుమానం ఉంటే కడగకూడదు, నలపకూడదు, నొక్కకూడదు, గుచ్చుకున్నది కనపడినా లాగకూడదు, చుక్కలు వేయకూడదు. పేపరు కప్పు అడుగు భాగం లాంటిది కంటికి తగలకుండా పైన బోర్లించి, టేపు అంటించి, దారిలో ఎక్కడా ఆగకుండా ఆపరేషన్ చేయగలిగే కంటి ఆస్పత్రికి పోవాలి. అంతే. ఇది స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఈ కాలమ్‌లో ఇంకేమీ గుర్తు లేకపోయినా ఫర్వాలేదు.

బాబాయికి రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఎడమ కంటికి వెలుతురు తెలుస్తుంది, మనిషి వచ్చినట్టు తెలుస్తుంది. మొహం ఆనదు.

ఆయన ఒక్కసారి కూడా నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. ఆస్పత్రి నుంచి వచ్చాక నేను గుడిసెలోకి వెళ్లి ఆ డబ్బా తెరిచాను. కళ్లజోడు ప్లాస్టిక్ కవర్ కూడా చింపలేదు, కొత్తదిలా ఉంది.

గడ్డిని చూసి మిషన్ కొనాలి

రెండోసారి ఎక్సెల్ షీటు తెరవలేదు. పొలం చుట్టూ తిరిగి అక్కడ ఏమేం పెరుగుతున్నాయో నోట్స్‌లో రాసుకున్నాను. తర్వాత సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు చోట్లా షాపులకు తిరిగాను.

ముందు ఒక విషయం. గడ్డి మిషన్ల చివర రెండు రకాలు తగిలించొచ్చు, ఒకటి నైలాన్ తీగ, రెండోది ఇనప బ్లేడు. తీగతో గడ్డి తెగడమేంటని మొదట నాకూ డౌటే. దీని కథ సరదాగా ఉంటుంది. 1971లో అమెరికాలోని హ్యూస్టన్‌లో జార్జ్ బల్లాస్ అని డాన్స్ స్కూల్ నడిపిన ఒకాయన, కార్ వాష్‌లో గిర్రున తిరిగే నైలాన్ బ్రష్షులు చూశాడు. కారు రంగు పోకుండా మురికి మాత్రం పోతోంది. ఇదే పద్ధతిలో చెట్ల మొదళ్లు దెబ్బతినకుండా చుట్టూ గడ్డి మాత్రం తీయొచ్చు కదా అనుకొని, ఇంటికెళ్లి ఖాళీ పాప్‌కార్న్ డబ్బాకు చేపల గాలం తీగ కట్టి తిప్పాడు. ఇప్పుడు మన గట్ల మీద తిరిగేది ఆ డబ్బా మనవడే.

తీగకు పదును లేదు, వేగమే దాని పదును. లెక్క చూడండి. తీగ గీసే వృత్తం అడ్డంగా 40 సెంటీమీటర్లు, నిమిషానికి 7,000 చుట్లు అనుకుందాం. తీగ కొస వేగం గంటకు 500 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే మెత్తటి గరిక కొడవలితో కోసినట్టు తెగిపోతుంది. తీగ అంచుకు తగిలిన చిన్న గులకరాయి ఎంత వేగంగా లేస్తుందో కూడా ఇదే లెక్క చెప్తుంది. ఈ లెక్క నేను ఆస్పత్రి కారిడార్‌లో కూర్చొని వేశాను. మిషన్ కొనకముందు వేయాల్సింది.

సరే, ఇక మన గడ్డి దగ్గరికి వద్దాం. గట్టు మీద గరిక, లేత తుంగ, మోకాలి దాకా ఉన్న పచ్చి గడ్డికి 2.4 నుంచి 3 మిల్లీమీటర్ల నైలాన్ తీగ చాలు. రాళ్లున్న గట్టు మీద కూడా తీగే నయం. తీగ రాయికి తగిలితే అరుగుతుంది, ఇనప బ్లేడయితే రాయినే పగలగొట్టి పెచ్చు లేపుతుంది. తీగ కూడా రాళ్లు విసురుతుంది, అది మర్చిపోవద్దు. నడుమెత్తు పెరిగి ముదిరిన రెల్లు, జమ్ము లాంటి వాటికి తీగ చుట్టుకుపోతుంది, అక్కడ మూడు రెక్కల బ్లేడు కావాలి. వేలి లావు కొమ్మలు, లేత తుమ్మ పిలకలకు గుండ్రంగా రంపపు పళ్లున్న 40 పళ్ల బ్లేడు. 80 పళ్లది కూడా దొరుకుతుంది, అది సన్న కాడలకు.

ఇక సర్కారు తుమ్మ. దయచేసి ఈ మిషన్‌తో దాన్ని చంపేయొచ్చని కలలు కనకండి. పైన కోస్తే మొదలు నుంచి నాలుగు పిలకలు కొత్తగా వస్తాయి. దాన్ని వేరుతో తవ్వించాల్సిందే, జేసీబీ పనే. వయ్యారిభామది ఇంకో రకం పేచీ. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది కాబట్టి పూత రాకముందే దాని పని పట్టాలి. పూత మీద మిషన్ పెట్టారంటే పుప్పొడి, ముక్కలు మొహాన పడి దురదలు, ఆయాసం. ఉన్నవి కొన్నే అయితే వానకు నేల మెత్తబడ్డాక చేతులకు గ్లౌజులు వేసుకొని వేళ్లతో సహా పీకేయడం మేలు. మా అమ్మ ఈ పద్ధతే. ఆమెకు పెట్రోలు కూడా అక్కర్లేదు.

ఇలా రాసుకొని చూస్తే మా అవసరంలో ముప్పాతిక భాగం తీగ పనే. దానికి 52 సీసీ ఎందుకు? 35 సీసీ చుట్టుపక్కల ఇంజిన్ మా గట్లకు సరిపోయింది, ఎప్పుడైనా బ్లేడు బిగించినా తిప్పగలిగింది.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అన్నది షాపువాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. టూ స్ట్రోక్ తేలిక, పవర్ చురుగ్గా ఉంటుంది. కానీ పెట్రోల్లో ఆయిల్ కలపాలి. కంపెనీని బట్టి లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే 50కి 1. లేదా 40 మిల్లీలీటర్లు, అంటే 25కి 1. మీ మిషన్ పుస్తకంలో ఏది రాస్తే అదే. ఆ ఆయిలే పిస్టన్‌కు దిక్కు. ఎవరో ఒకరు తెలియక ఉత్త పెట్రోలు పోసి లాగారంటే కాసేపట్లోనే పిస్టన్ పట్టేస్తుంది. ఫోర్ స్ట్రోక్‌లో ఈ గొడవ లేదు. హోండా జీఎక్స్35 లాంటి 35.8 సీసీ ఇంజిన్లలో ఉత్త పెట్రోలే పోస్తారు, ఇంజిన్ ఆయిల్ విడిగా ఉంటుంది. శబ్దం, పొగ తక్కువ, ధర ఎక్కువ. మా ఇంట్లో మిషన్‌ని నాన్న, బాబాయి కొడుకు, ఒక్కోసారి పక్క పొలం వాళ్లు కూడా వాడతారు. పది చేతులు తిరిగే మిషన్‌కి ఆయిల్ కలిపే పని పెట్టకూడదని ఫోర్ స్ట్రోక్ తీసుకున్నా. ఒక్కడే జాగ్రత్తగా వాడుకునే ఇంట్లో అయితే టూ స్ట్రోక్‌కి వంక పెట్టను.

బ్యాటరీవి? ఇంటి ముందు జాగా, నాలుగు కుండీల పక్కన, పెళ్లికి ముందు వాకిలి శుభ్రం చేయడానికి బాగుంటాయి. పొలం గట్లకు ఇప్పటికైతే నేను సిఫారసు చేయను. రీల్స్‌లో ఒకమ్మాయి నవ్వుతూ చిన్న ప్లాస్టిక్ బ్లేడుతో అడవినే నరికేస్తుంది చూడండి, ఆ వీడియో చూసి మా ఫ్రెండ్ ఒకడు కొన్నాడు. ఇప్పుడు వాళ్ల పాప దాన్ని మైకులా పట్టుకొని పాటలు పాడుతోంది.

షాపులో నేను అడిగిన ప్రశ్నల్లో బాగా పనికొచ్చింది ఒక్కటే. “దీని కార్బొరేటర్ డయాఫ్రం ఇప్పుడు మీ దగ్గర ఉందా? చూపించండి.” ఉందంటే ఆ మిషన్‌కు ఈ ఊళ్లో దిక్కుంది. తెప్పిస్తామంటే నాట్ల టైములో పదిహేను రోజులు మూలన పడుతుంది. నేను ఆన్‌లైన్‌లో కొన్న 52 సీసీకి క్లచ్ స్ప్రింగు కోసం తిరిగిన తిరుగుడు వేరే కాలమ్ అవుతుంది. ఇంకోటి, వాడబోయే మనిషిని వెంట తీసుకెళ్లండి. బెల్టు వేయించి, మిషన్ తగిలించి, పది నిమిషాలు నిలబెట్టండి. సిగ్గుపడక్కర్లేదు, చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి చూడమా? నాన్న మూడు మోడళ్లు తగిలించుకొని చూసి, నేను అనుకున్నది కాకుండా ఇంకోటి తీసుకున్నాడు. కాలువ కట్ట వాలు మీద ఎక్కువ పనుంటే ఇంజిన్ వీపున ఉండే రకం సుఖం అంటారు. గట్ల మీద భుజానికి వేలాడేదే చేతికి బాగా లొంగింది.

ధర ఎక్కువనిపిస్తే మీ రైతు వేదికలో ఏఈఓని అడగండి. వ్యవసాయ యాంత్రీకరణ పథకాల్లో ఇలాంటి మిషన్లకు కూడా రాయితీ ఇస్తుంటారు, కాకపోతే డబ్బు కట్టేశాక అడిగితే లాభం లేదు. ఉన్నది ఎకరం, అరెకరమే అయితే అసలు కొనొద్దు. మిషన్ వేసుకొని గంటల లెక్కన వచ్చి కోసే కుర్రాళ్లు ఇప్పుడు దాదాపు అన్ని ఊళ్లలో ఉన్నారు. వాళ్లకూ పని, మనకూ మూలన పడే ఇనుము తప్పుతుంది.

గార్డు ఎందుకుంది?

బాబాయి గార్డు తీసినట్టు మా ఊళ్లో చాలామంది తీస్తారు. ‘గడ్డి ఇరుక్కుంటది, చూపుకి అడ్డం’ అంటారు. గార్డు రాళ్లను ఆపుతుందని అందరికీ తెలుసు, తెలిసీ తీస్తారు. నాకు తెలియనిది, షాపులో మెకానిక్ చెప్పినది ఇంకోటుంది. తీగ వాడే గార్డు అంచున బొటనవేలంత కత్తి ఒకటి ఉంటుంది. తీగ సాగినప్పుడల్లా అది కావాల్సిన పొడవుకు కోసేస్తుంది. గార్డు తీస్తే తీగ పొడవైపోతుంది. పొడవైన తీగను తిప్పలేక ఇంజిన్ స్పీడు పడిపోతుంది, క్లచ్ జారుతుంది, వేడెక్కుతుంది. అంటే గార్డు తీసినవాడు కన్నుతో పాటు ఇంజిన్‌ని కూడా పణంగా పెడుతున్నాడు. విచిత్రం ఏంటంటే, ‘కన్ను పోద్ది’ అంటే వినని మనుషులు ‘ఇంజిన్ పోద్ది’ అంటే ఠక్కున గార్డు బిగించారు. నేను ఇప్పుడు అదే చెప్తున్నా.

గడ్డి తడిగా ఉంటే ఎండ వచ్చేదాకా ఆగండి. ఇరుక్కుంటే ఇంజిన్ పూర్తిగా ఆపి, ప్లగ్ క్యాప్ లాగి, అప్పుడు కర్రతో తీయండి. మిషన్ ఐడిల్‌లో ఉండగా తీగ గానీ బ్లేడు గానీ తిరుగుతూ ఉందంటే సెట్టింగ్ బాగాలేదని అర్థం, మెకానిక్‌కు చూపించేదాకా వాడొద్దు.

కోసే ముందు ఒకసారి కర్ర పట్టుకొని గట్టంతా నడవాలి. పాము కోసం మాత్రమే కాదు. మోటారుకు పోయే వైరు, పాత బైండింగ్ వైరు, డ్రిప్ పైపు, పగిలిన సీసాలు అన్నీ గడ్డిలోనే ఉంటాయి. కరెంటు వైరు ఉన్నచోట కొడవలే. నడుమెత్తు గడ్డిని ఒక్క దెబ్బకు అడుగు నుంచి లాగేయాలని చూడొద్దు. ముందు పై సగం, తర్వాత కింది సగం. రెండు పనులు అనిపిస్తుంది గానీ అలా కోస్తే చుట్టుకోదు, అడుగున ఏముందో కూడా కనపడుతుంది.

బ్లేడు బిగించినప్పుడు ఇంకో సంగతి. బ్లేడుని గడియారం అనుకోండి, మీరు 6 అంకె వైపు నిలబడ్డారు. మామూలుగా ఈ మిషన్లలో బ్లేడు ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. కాబట్టి కుడి నుంచి ఎడమకు ఊపుతూ, 8 నుంచి 12 మధ్య ఉన్న ఎడమ భాగంతో కోయాలి. కోసిన గడ్డి కూడా ఎడమ పక్కకు వరసగా పడుతుంది. 12 నుంచి 3 మధ్య భాగం గట్టి కాండానికి తగిలిందంటే మిషన్ ఒక్కసారిగా విసిరికొడుతుంది. గట్టు మీద నిలబడ్డ మనిషి అయితే మిషన్‌తో సహా మడిలో పడతాడు. బాబాయి కొడుకు పడ్డాడు కూడా. మడిలో నీళ్లుండబట్టి బతికిపోయాడు, ఇంటికొచ్చాక వాళ్లమ్మ చేతిలో మాత్రం అయిపోయాడు.

బెల్టు హుక్కు కుడి తుంటి దగ్గరకు వచ్చేలా సరిచేసుకోవాలి. చేతులు వదిలేస్తే తల భాగం నేలకు కాస్త పైన తేలుతూ ఉంటే బ్యాలెన్స్ కుదిరినట్టు. చేతులు కేవలం తిప్పడానికే, మోయడానికి కాదు. ఇరవై నిమిషాలకోసారి ఆపండి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే ఆ వైబ్రేషన్ నరాల మీద పని చేస్తోందన్నమాట. ఏళ్ల తరబడి అలాగే వాడితే వేళ్లు తెల్లబడి స్పర్శ పోయే జబ్బే ఉంది.

ఒంటి మీద ఏముండాలంటే, గమ్‌బూట్లు, మందం ప్యాంటు, నిండు చేతుల చొక్కా, చెవులకు మూతలు, కళ్లజోడు. మొహానికి జాలీ ఉంటే ఇంకా మంచిది, కానీ జాలీ ఒక్కటే చాలదు, దాని లోపల కళ్లజోడు ఉండాల్సిందే. ఎండ కళ్లద్దాలు లెక్కలోకి రావు, పక్కల నుంచి వచ్చేదాన్ని అవి ఆపవు. చెమటకు పొగమంచు పట్టేస్తుందని అందరూ చెప్పే సాకు నిజమే. పక్కలకు గాలి రంధ్రాలున్నవి కొంటే చాలావరకు తగ్గుతుంది. పని చేసే మనిషికి 15 మీటర్ల లోపు ఇంకెవరూ ఉండకూడదు. ఫోన్‌లో వీడియో తీసేవాళ్లు కూడా. రీల్ కోసం జూమ్ వాడండి, దేవుడిచ్చిన కాళ్లు వాడొద్దు.

బాబాయి ఇప్పుడు మిషన్ ముట్టుకోడు. ఎడమ పక్క సరిగా ఆనక గట్టు మీద అడుగు తడబడుతుంది. నాన్న కోస్తుంటే మాత్రం వచ్చి దూరంగా బోరు దగ్గర కూర్చుంటాడు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను. నాన్న కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకొని చెమట తుడుచుకొని, అలాగే మళ్లీ స్టార్టర్ తాడు లాగబోయాడు. బోరు దగ్గర నుంచి కేక. “అన్నా, కండ్లకు!” ఒంటి కన్నుతో అంత దూరం నుంచి ఎలా కనపడిందో నాకు తెలియదు.

నాన్న మాట్లాడకుండా కిందికి దించుకున్నాడు.

చివరగా ఒక్క పని. యాసంగి కోతలయ్యాక ఎండాకాలం మిషన్‌ని మూలన పెట్టేటప్పుడు ట్యాంకులో పెట్రోలు వదిలేయకండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలవుంటే కార్బొరేటర్‌లో జిగురు కట్టి, రబ్బరు డయాఫ్రం గట్టిపడి, జూన్‌లో తాడు ఎంత లాగినా స్టార్ట్ కాదు. ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ దానంతట అది ఆగేదాకా నడిపి, ఎయిర్ ఫిల్టర్ కడిగి ఆరబెట్టి, గేర్ తలలోకి కాస్త గ్రీజు ఎక్కించి పెట్టండి. ఈ ఆదివారం ఊళ్లో నా పని అదే. వెళ్తూ రెండు కళ్లజోళ్లు కూడా తీసుకెళ్లాలి, పక్క పొలం ఆయనకొకటి, బాబాయి కొడుకుకొకటి. ఆర్డర్ లిస్టు ఈసారి బాబాయి చెప్పాడు.